పెత్తందారు పగడాన్ని కొరకలేదు

పళ్ళ ల్యాబులో ముప్పై నాలుగేళ్ళు కట్టుడు పళ్ళు చేసి రిటైరైనదాన్ని, వయసు అరవై తొమ్మిది, వీధిలో అందరికీ పళ్ళక్కని అయిన నేను, మూడో అంతస్తులోని నా సొంత వాటాలో, నా పని బల్ల ముందు కూర్చుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. కోపంగా మాత్రం ఉన్నాను. ఈ రెండూ వేరు వేరని గుండె డాక్టరు చేత రాయించుకున్న కాగితం దీనికి జతచేశాను. వచ్చే నెల నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. బతికి ఇంటికొస్తే ఇంకోటి రాసుకుంటాను. రాకపోతే ఇదే ఆఖరుది. ఇంతకు ముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

నా ఆస్తిలో పంచడం కష్టమైనది ఒక్కటే. ముందుగదిలోని ఏడడుగుల ఉప్పునీటి తొట్టి. అందులో పగడాలూ ఒక ఏంజెల్ చేపా కలిసి బతుకుతున్నాయి. నా తదనంతరం వాటిని ఎవరు సాకాలన్నది ఈ కాగితం తేల్చాలి. మిగతాదంతా సామాను.

1. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత మా ల్యాబు యజమానురాలిది. ముప్పై నాలుగేళ్ళలో నన్ను రెండుసార్లు ఉద్యోగంలోంచి తీసేసి, రెండుసార్లూ మర్నాడు పొద్దున్నే తనే వచ్చి పిలుచుకెళ్ళిన మనిషి. నా కోపం ఆవిడకు తెలుసు, ఆవిడ మొండితనం నాకు తెలుసు. మా తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కరగని మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. నేను చేసిన ఆఖరి కట్టుడు పన్ను ఇప్పటికే ఆవిడ నోట్లో ఉంది కాబట్టి వేరే ఏమీ ఇవ్వడం లేదు.

2. నేనుంటున్న వాటా, అందులోని సామాను, కింద విడిగా రాసినవి మినహా, నా ఏకైక కుమారుడికి సర్వహక్కులతో చెందుతాయి. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, రెండు వీధుల అవతల ఉంటాడు, మంచివాడు. తొట్టి మాత్రం వాడికి ఇవ్వను. "అమ్మా, ఆటోమేటిక్ మేత డబ్బా ఒకటి బిగించేస్తే పోయేదానికి రోజూ ఈ తిప్పలెందుకే?" అని పోయిన ఏడాది కూడా అడిగాడు. ప్రాణమున్న దాన్ని స్విచ్చి వేసి మర్చిపోవచ్చనుకునేవాడి చేతిలో ప్రాణమున్న దాన్ని పెట్టకూడదు.

నా కోడలికి నా పని బల్ల, దాని మీది దీపం, సొరుగులోని భూతద్దం. నీళ్ళు మార్చే ప్రతి ఆదివారం పిలవకుండా వచ్చి బకెట్టుకు రెండో వైపు పట్టుకున్న పిల్ల. బట్టలు తడిశాయని ఒక్కసారీ అనలేదు. నేనూ ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. అమ్మాయీ, ఇక్కడ చెప్తున్నాను, ఇదే మొదలు. తొట్టి నీకే ఇద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ చేప దగ్గరికొస్తే నువ్వు చెయ్యి వెనక్కి లాక్కుంటావు. అది నీ తప్పు కాదు.

3. తొట్టి గురించి. ఏంజెల్ చేపనూ పగడాలనూ ఒక చోట ఉంచకూడదని చేపల మీద రాసిన ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పగడం మీద వెయ్యి చిన్న నోళ్ళు విచ్చుకుని ఉంటాయి, ఏంజెల్ చేపకు వాటిని గిల్లి తినడం సరదా. నేను ఆ మాట వినలేదు. ముందు పగడాలను రెండేళ్ళు పెంచి, అవి కొమ్మలు వేసి రాళ్ళను గట్టిగా పట్టుకున్నాక, అన్నిటికంటే ఆఖర్న చేపను దింపాను. మెత్తటి కండ ఉన్న పగడాల జోలికి పోలేదు, గట్టి ఎముక ఉన్న కొమ్మల పగడాలే పెట్టాను. కడుపు నిండిన చేప పక్కవాడి మీదికి పోదని నా నమ్మకం. అందుకని రోజుకు ఐదుసార్లు, కొంచెం కొంచెంగా, సముద్రంలో ఈ చేప తినే స్పాంజి అనే జీవిని కలిపిన మేత వేసేదాన్ని. మధ్యలో మేయడానికి గాజుకు ఒక క్లిప్పు పెట్టి నాచు రేకు వేలాడదీసేదాన్ని. తొమ్మిదేళ్ళు ఒక్క పూట తప్పలేదు. పెళ్ళిళ్ళకు పోలేదు, ఊళ్ళకు పోలేదు. నవ్వినవాళ్ళు నవ్వారు.

నీలం ఒంటి మీద పసుపు గీతలతో ఆ చేప రోజంతా కొమ్మల మధ్య తిరిగేది. పొలం గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నడిచే ఆసామిలా ఉండేది దాని వాలకం. అందుకే పెత్తందారు అని పేరు పెట్టాను. తొమ్మిదేళ్ళలో అది పగడం మీద నోరు పెట్టలేదు.

4. రెండేళ్ళ కింద పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషనై పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటి తాళం మా తమ్ముడికిచ్చాను. వాడికీ ఒక తొట్టి ఉంది, పని తెలుసు. ఐదు పూటల మేత డబ్బాల్లో సర్ది, మీద గంటలు రాసి పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మధ్యలో ఉన్న ఊదారంగు పగడం మూడో వంతు లేదు. పెత్తందారు అసలే లేడు.

"అక్కా, నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా కదా! నీ చేప నీ పగడాన్ని నమిలేసింది. ఇంకో వారం ఉంచితే మొత్తం నాకేసేది. పట్టుకెళ్ళి షాపులో ఇచ్చేశా. నీ మంచికే చేశాలే, కూర్చో, నీరసంగా ఉన్నావ్."

నేను నమ్మాను. కుట్లింకా ఆరలేదు, కూర్చోమంటే కూర్చున్నాను. ఐదు నెలల పాటు ఆ చేపను తిట్టని రోజు లేదు. తిండి పెట్టిన చేతికే ద్రోహం చేసిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నెలకోసారి శనివారం జరిగే, తొట్టిలో చేపలు పెంచేవాళ్ళ సంఘం సమావేశంలో నిలబడి, ఇరవై మంది ముందు, "తొమ్మిదేళ్ళు మీకు తప్పు చెప్పాను, ఏంజెల్ చేపను పగడాలతో ఉంచకండి" అన్నాను. ఆ మాట విని, నా దగ్గర పద్ధతి నేర్చుకుని రెండు ఏంజెల్ చేపలను ముచ్చటగా పెంచుకుంటున్న లెక్కల టీచరమ్మ వారం తిరక్కుండా రెండింటినీ వదిలించుకుంది. ఆవిడ చేపలు ఏ పాపమూ చెయ్యలేదు. వాటికి నేనే శిక్ష వేశాను. అందువల్ల నా చేపల పుస్తకాలన్నీ, రోజూ నీటి వేడీ ఉప్పూ రాసుకున్న పదకొండు నోటు పుస్తకాలూ ఆ టీచరమ్మకు చెందుతాయి. టీచరమ్మా, నన్ను క్షమించకపోయినా పర్వాలేదు. చేపలను మాత్రం మళ్ళీ పెట్టుకోండి.

5. ఐదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గాజు తోముతుంటే విరిగిన పగడం మోడు ఒకటి ఊడి చేతికొచ్చింది. పారేయబోయి, అలవాటు కొద్దీ బల్ల మీద పెట్టి భూతద్దంలో చూశాను. చూసి నా చెంప నేనే వాయించుకున్నాను. నిజంగానే వాయించుకున్నాను.

ముప్పై నాలుగేళ్ళు నేను చూసింది పళ్ళ గాట్లే. మైనంలో దిగిన గాటు చూసి, ఆ మనిషి ఏ వైపు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేదాన్ని. ఏంజెల్ చేప పళ్ళు బ్రష్షు కుచ్చులా ఉంటాయి. అవి పైనున్న కండను గీరతాయి గానీ లోపలి సున్నపు ఎముకను విరవలేవు. ఇక్కడ వేలు లావు కొమ్మ నున్నగా, అడ్డంగా తెగి ఉంది. తెగిన చోట వెంట్రుక మందం గీత ఒకటి పైకి లేచి ఉంది. ఆ గీత నాకు తెలుసు. ల్యాబులో గట్టి తీగ తెంపబోయి నేనే ఒక కటింగ్ ప్లయరు అంచును రవ్వంత పగలగొట్టాను. ఆ రోజు నుంచి అది ఏది తెంపినా ఆ గీత పడేది. రిటైరైన రోజు పనిముట్లు పంచుతూ, ఆ ప్లయరును మా తమ్ముడికిచ్చింది నేనే.

ఆ పగడం మోడు ఒక అగ్గిపెట్టెలో పెట్టి, లక్క వేసి, ఈ వీలునామాతో పాటు మా యజమానురాలికి అప్పగిస్తున్నాను. ఎవరికైనా అనుమానముంటే చూడవచ్చు.

6. ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళాను. అప్పటికి ఐదు నెలలుగా వెనక గదికి రంగులేస్తున్నామని నన్ను అటు పోనివ్వడం లేదు. వాడు ఇంట్లో లేడు. మా మరదలు, "రండి వదినా, లోపలికి రండి, రంగులా? మాకెవరేస్తారండీ రంగులు!" అంటూ తలుపు తీసింది. వెనక గదిలో, వాడి తొట్టిలో, దీపం కింద, వరసగా ఏడు పగడం ముక్కలు. ఊదారంగువి. నావి. నాటిన అంట్లలా బతికి, ఒక్కొక్కటీ కొత్త కొమ్మలు వేసి చివర్లు తెల్లగా మెరుస్తున్నాయి. మరదలు మంచినీళ్ళిస్తే తాగి, వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశాను. ఇవాళ్టి దాకా వాడితో ఈ మాట అనలేదు. వాడింకా ఫోన్ చేసి "అక్కా, మందులేసుకున్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ గొంతు వినిపించినప్పుడల్లా ఫోను నేలకేసి కొట్టాలనిపిస్తుంది. ఏసుకున్నాన్రా అని పెట్టేస్తాను.

మా మరదలికి ఏమీ తెలియదు. నా చేతి గాజులు రెండూ, బీరువాలో తెల్ల గుడ్డలో చుట్టి పెట్టిన మా అమ్మ శాలువా ఆమెకు చెందుతాయి. ఆమె మొగుడి మీది కోపం ఆమె మీద చూపించినట్లయితే ఆ పాపం నాది కాదని, ఈ కాగితం చదివే ప్రతి ఒక్కరికీ హెచ్చరిక.

7. చేపల షాపు యజమానికి నా ఖాళీ ఉప్పు బకెట్లు పద్నాలుగు, మూతలతో సహా. ఆ చేప ఎవరిదో తెలిసి కూడా నాకొక్క ఫోన్ చెయ్యకుండా వేరేవాళ్ళకు అమ్మినవాడికి అంతకు మించి ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

పిల్లల పళ్ళ డాక్టరమ్మకు, నేను పింగాణీతో చేసుకున్న పళ్ళ నమూనాల పెట్టె. పెత్తందారు చివరికి తేలింది ఆవిడ ఆసుపత్రి వరండాలోనే. మూడడుగుల గాజు పెట్టెలో, ప్లాస్టిక్ పుర్రె పక్కన, రంగు వెలిసిపోయి, ఒక రెక్క అంచు చీకిపోయి, మూలకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. పళ్ళు పీకించుకోబోయే పిల్లలు గాజు మీద కొడుతున్నారు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "తీసుకెళ్ళండమ్మా, మీదే" అని బకెట్టు తనే తెప్పించింది. ఇంటికి తెచ్చి పగడాల మధ్య వదిలాను. తెగిన పగడం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముట్టుకోలేదు. నాచు రేకు దగ్గరికెళ్ళి తిన్నాడు.

8. చేపను ఒకరికి, పగడాలను ఇంకొకరికి ఇచ్చేస్తే గొడవే ఉండదని నాకు సలహా ఇచ్చినవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళందరికీ నా సమాధానం ఇదే. నా తదనంతరం ఈ తొట్టిని, దానిలోని చేపను, పగడాలను, రాళ్ళను, పంపులను, దీపాలను ఏ పరిస్థితిలోనూ విడదీయరాదు, అమ్మరాదు, ప్రదర్శనకు పెట్టరాదు. కలిసి ఉండలేవని లోకమంతా అన్నవి కలిసి ఉన్నాయి. వాటి మధ్యకు దూరింది మనిషి.

9. పై తొట్టి, సమస్త పరికరాలతో సహా, నా తమ్ముడికి చెందుతుంది.

ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. రాసి రెండుసార్లు చింపేశాను. ఒరేయ్ తమ్ముడూ, నిన్ను క్షమించి ఇస్తున్నానని మురిసిపోకు. క్షమించలేదు. నువ్వు దొంగవి. అంతకంటే నీచమైన పని, నోరు లేని జీవి మీద నేరం మోపావు. అయితే నేను కూడా ఒకటి రాయాలి, రాయకపోతే ఈ కాగితం అబద్ధమవుతుంది. నువ్వు నన్ను ఆ పగడం బొటనవేలంత ముక్క మూడుసార్లు అడిగావు. మూడోసారి సంఘంలో అందరి ముందూ "ముందు నీ నీళ్ళు శుభ్రం చేసుకో, తర్వాత అడుగు" అని నవ్వాను. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. ఆ రోజు ఇచ్చి ఉంటే నువ్వు కోసేవాడివి కాదు. దానికి నా మీద నాకు కోపమే, కానీ నీ మీదున్న దానిలో అది సగం కూడా కాదు.

తొట్టి నీకెందుకిస్తున్నానంటే, నువ్వు కోసిన ఏడు ముక్కల్లో ఒక్కటి కూడా చావలేదు. నా చేతిలో కంటే బాగా పెరిగాయి. నేను కళ్ళారా చూశాను. పెత్తందారు ఇంకో పదేళ్ళు బతుకుతాడు. ఐదు పూటలు వేళకు మేత వేసి, నీళ్ళు వాసన చూసి, ఒంట్లో నలతను రంగులో కనిపెట్టగలిగినవాళ్ళు నాకు తెలిసినంతలో నువ్వొక్కడివే. నా ఒళ్ళు మండేది దీనికే.

షరతు ఒక్కటే. నేను పోయిన నెల రోజుల లోపు సంఘంలో నిలబడి, "చేప కొరకలేదు, నేను కోశాను" అని నీ నోటితో చెప్పాలి.

చెప్పకపోతే తొట్టి వెనక్కి తీసుకుని ఎవరికివ్వాలో ఆ పేరు కూడా రాయమని లాయరు అడిగాడు. ఆ పేరు కోసం ఊరంతా వెతికాను. దొరకలేదు. కాబట్టి వాడు చెప్పకపోయినా తొట్టి వాడి దగ్గరే ఉండాలి. ఎవరూ వెళ్ళి వాడిని నిలదియ్యకూడదు, గొడవ పడకూడదు. గొడవలో పడి వాడు ఒక పూట మేత మర్చిపోతే ఆకలేసేది చేపకి.

ఇది నేను చదివి, చదివించుకుని విని, పూర్తి సమ్మతితో ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

తేదీ: 19 ఆగస్టు 2026, బుధవారం, రెండో పూట మేత వేశాక.

(సంతకం) పళ్ళక్క

సాక్షులు:
1. (సంతకం) కింది వాటాలో ఉండే దర్జీ. చదివాను, ఆవిడ మతి బాగానే ఉంది.
2. (సంతకం) ఎదుటి వాటాలో ఉండే పోస్టాఫీసు గుమస్తా. ఆవిడ సంతకం చేయడం కళ్ళారా చూశాను, చెయ్యి వణకలేదు.