రాతికి పెట్టిన పేరు

నవంబర్ 18
అరకు దారిలో, టైడా దిగువన, ఘాట్ రోడ్డు కోసం కొండను కోసిన చోట ఒక కాలేజీ బస్సు. ఇరవై మంది పిల్లలు, వాళ్లకు రాళ్ల గురించి పాఠం చెప్పే మేడమ్. అందరూ రాతిగోడకు ముక్కులు ఆనించి చూస్తున్నారు. నేనూ వెళ్లి నిలబడ్డాను. మేడమ్ నవ్వి, తన చిన్న భూతద్దం నా చేతికిచ్చారు. రాతిలో ఎర్రటి చుక్కలు... దానిమ్మ గింజల్లా!
ముప్పై నాలుగేళ్లు రైల్వేలో కీమేన్‌గా ఈ కొండల్లోనే నడిచాను. పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించుకుంటూ, కళ్లు పట్టాల మీదే పెట్టుకుని. పక్కనున్న రాయిని ఒక్కనాడూ చూడలేదు.
“ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న బురదండీ” అన్నారు మేడమ్.

నవంబర్ 19
పొద్దున్న పళ్లు తోముకుంటున్నా అదే. బురద. సముద్రం. ఇక్కడ!

నవంబర్ 27
కోట బజారులో వాచీలు బాగుచేసే ముసలాయన దగ్గర పాత భూతద్దం దొరికింది. బస్సులో వచ్చేదారంతా నా అరచేతినే చూసుకున్నాను.

డిసెంబర్ 3
మేడమ్ ఆరోజు నంబరిచ్చారు, ఫోన్ చేస్తే ఓపికగా చెప్పారు. ఎర్ర చుక్కలు గార్నెట్. గాజుముక్కల్లా ఉన్నది క్వార్ట్జ్. మొత్తం రాయి పేరు ఖొండలైట్. ఎనిమిదో క్లాసుతో ఆగిన చేతిరాత — ఒక్కో పేరు మూడుసార్లు రాస్తే గాని కుదురుగా రాలేదు.
మా ఆవిడ పార్వతి బియ్యం ఏరుతూ నా రాతనీ, నేను ఏరి తెచ్చిన రాళ్లనీ చూసింది. “రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడేటి, పరీచ్చ రాస్తావా?”
లేదన్నాను.
“పోనీ ఈటిని ఎవులైనా కొంటారా?”
కొనరన్నాను.
“మరేటికయ్యా?”
నవ్వొచ్చింది. తనకూ వచ్చింది.

డిసెంబర్ 14
సుత్తి, సంచి పట్టుకుని సోమన్న ఊరి పై కొండకు వెళ్లాను. ఇరవై ఏళ్లు ఒకే గ్యాంగులో పనిచేశాం. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. రెండు ముక్కలు కొట్టానో లేదో, కాఫీ తోటలోంచి వచ్చాడు. కూర్చోమనలేదు. టీ తాగమనలేదు.
“ఆ సంచిలో ఏటన్నా?”
“రాళ్లు.”
“ఎవులు పంపినారు?”
ఎవరూ పంపలేదు, ఊరికే నేర్చుకుంటున్నానంటే నా మొహంలోకి చూశాడు. “ఊరికే ఎవులైనా రాళ్లు మోస్తారేటి?”
కొన్నేళ్ల కిందట ఎవరో ఇలాగే సంచుల్లో రాళ్లు తీసుకెళ్లారట. ఆ వెనకే ఏదో కంపెనీ వచ్చి కొండను తవ్వుతుందని మాట పుట్టింది. అప్పుడు ఊరు ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు.

డిసెంబర్ 15
సోమన్న ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్ 20
అరకు సంత. సోమన్న భార్య గురమ్మ రాజ్మా గింజలు పోసుకుని కూర్చుంది. నన్ను చూసి తల తిప్పేసుకుంది. పక్కామె అననే అంది — “కంపెనీ మనిసి.”
ఏమీ కొనకుండా వచ్చేశాను. పార్వతి అడిగితే తలనొప్పన్నాను.

డిసెంబర్ 22
పార్వతికి చెప్పేశాను. “దాస్తే దొంగవంటారు. అన్నీ అట్టుకెల్లి ముందెట్టు” అంది.

డిసెంబర్ 24
వెళ్లాను. సోమన్న అరుగు మీద అన్నీ పరిచాను — రాళ్లు, సుత్తి, భూతద్దం, నోటుపుస్తకం. పదిమంది దాకా చేరారు. ప్రతి పేజీ పైకి చదివాను. ఒక పేజీలో ఏ రాయి ఏ కొండ మీద దొరికిందో బొమ్మ గీసి, కొండల పేర్లు రాశాను. సోమన్న దాని మీద వేలు పెట్టాడు.
“ఈ కాయితం రేపు ఎవులి సేతిలో పడతాదో నీకు తెలుసా?”
తెలియదు. చింపి గురమ్మకిచ్చాను. పొయ్యిలో వేసింది. బాధేసింది, చాలా శ్రద్ధగా గీశాను. కానీ వాళ్లదే న్యాయం.
“సూడు. కొట్టకు” అన్నాడు ఊరి పెద్ద. సరేనన్నాను. సుత్తి అక్కడే ఇచ్చేశాను.
అప్పుడు సోమన్న భూతద్దం అందుకున్నాడు. రాయిని వెలుగుకు తిప్పి తిప్పి చూశాడు. “ఎర్రగున్నాదే...”
ఆ రాయిని ఖొండలైట్ అంటారని, మీ ఖోందు జాతి పేరే దానికి పెట్టారని చెప్పాను.
“ఎవులు?”
“ఎప్పుడో, దొరలు.”
“మమ్మల్ని అడిగినారా?”
“లేదు.”
గురమ్మ అందుకుంది. “మరి మేమేటంతామో నీ పుస్తకంలో ఉన్నాదా?”
లేదు. అడగాలని కూడా అనిపించలేదు నాకు. తను వాళ్ల భాషలో ఆ పేరు చెప్పింది. నేను తిరిగి అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. మూడుసార్లు నాచేత పలికించింది, మూడుసార్లూ నవ్వారు. నోరు తిరిగేదాకా ఆ మాట ఇక్కడ రాయను.
టీ ఇచ్చారు.

జనవరి 8
సోమన్నతో గెడ్డ నీళ్ల వెంట నడక. చోడిగింజలు విసిరే తిరగలికి ఏ రాయి పనికొస్తుందో వేలితో తట్టి, ఆ మోత విని చెబుతాడు. నేను తడితే అన్నీ ఒకేలా మోగుతాయి. “సెవులు పోయాయేటన్నా?” అంటాడు. ఎప్పుడు నేర్చుకున్నావంటే నవ్వుతాడు.

జనవరి 19
ఈరోజు రెండు రాళ్ల మోతలో తేడా తెలిసింది! ఇంటికొచ్చి పార్వతికి రోలు మీద తట్టి చూపించాను. “పప్పు రుబ్బాల, లెగు” అంది. సాయంత్రం తనూ ఒకసారి తట్టి చూసింది. నేను చూడలేదనుకుంది.

జనవరి 30
మోకాలి నొప్పి. అయినా హాయి.

ఫిబ్రవరి 6
సోమన్న ఇంటికొచ్చాడు. జేబులోంచి నల్లటి, మెరిసే ముక్క తీశాడు. వేలికి అంటుకుంటోంది. కాగితం మీద గీస్తే గీత పడింది! “దీని పేరేటో మీ మేడమ్‌ని అడుగు” అన్నాడు. ఎక్కడిదో చెప్పలేదు. ఫొటో తీసి పంపాను.

ఫిబ్రవరి 7
మేడమ్ జవాబు — గ్రాఫైట్‌లా ఉంది, పెన్సిల్లో ఉండేది అదే. ఎక్కడ దొరికింది? ఎంత ఉంది?
ఫోన్ బోర్లించి పెట్టాను.

ఫిబ్రవరి 10
మేడమ్ మంచివారు. నాలాగే తెలుసుకోవాలని అడుగుతున్నారు, అంతే. ఆమె నుంచి ఇంకెవరికి తెలుస్తుందో... నాకూ ఉంది ఆ ఆరాటం — ఎంత ఉంది, ఎంత లోతుకు ఉంది, ఆ బురదలోకి ఈ నలుపు ఎలా వచ్చింది. కడుపులో ఆకలిలా ఉంది.

ఫిబ్రవరి 11
ఆ నల్లముక్క పేరు చెప్పాను సోమన్నకు. పెన్సిల్ సంగతీ చెప్పాను. మేడమ్ అడిగిన రెండు ప్రశ్నలూ చెప్పాను.
చుట్ట వెలిగించుకున్నాడు. “నీకు సూడాలనున్నాదా?”
ఉందన్నాను.
“సూస్తే, ఆయమ్మ అడిగితే సెప్పకుండా ఉండగలవా?”
ఉండగలనని వెంటనే అనలేకపోయాను. ఇద్దరం అరుగు మీద కూర్చునే ఉన్నాం — లోపల గురమ్మ గిన్నెల చప్పుడు — మేడమ్ నుంచి మళ్లీ ఫోన్. ఎత్తలేదు, మోగనిచ్చాను.