పగలని తలుపుకు సంజాయిషీ

శిక్షణ కేంద్రం పెద్దసారుగారికి, వడ్రంగి షెడ్డు నుంచి రాస్తున్నది.

మీ ఉత్తుత్తి ఊళ్లో మూడో ఇంటి తలుపు ఎందుకు పగల్లేదో రాసివ్వకపోతే పనిలోంచి తీసేస్తామన్నారు. రాస్తున్నాను. ఈ కేంద్రం మొదట గుర్రాలశాల, తరవాత విమానాల బడి. ఇప్పుడు సైనికులు ఇళ్లలోకి చొరబడడం నేర్చుకునే చోటు. రెండేళ్లుగా వారానికి నలభై తలుపులు చేస్తున్నాను, వాళ్లు తన్ని పగలగొడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. మీరిచ్చిన చీటీలో ‘తలుపు’ అని ఉంది గాని ‘పగిలే తలుపు’ అని లేదు. అందుకే గుర్రాలశాల పాత దూలాలు చిత్రికపట్టి, అసలైన తలుపు చేశాను.

నేను లోపల గడియ బిగిస్తుండగానే ఆరుగురు సైనికులు వచ్చి తలుపును తన్నారు, భుజాలతో గుద్దారు. నాకు నవ్వాగలేదు. చివరికి ఒకడు మెల్లగా తట్టి, “అన్నా, లోపలున్నది నువ్వేగా, కాస్త తియ్యవా, కాళ్లు పోతున్నాయి” అన్నాడు. తీశాను. అందరూ పడీపడీ నవ్వారు. మైదానంలో మీరూ నవ్వారు సార్, నేను చూశాను.

తీసేస్తే తీసేయండి. తలుపు మాత్రం పారేయకండి. భోజనశాలకు తలుపు లేదు, కొలత సరిపోతుంది. నేను చేసిన తలుపును ఎవరైనా చేత్తో తెరవడం ఒక్కసారి చూడాలి.

ఇట్లు,
వడ్రంగి