ఛాతీ వరకే

అమ్మా,

ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

గాయపడి ఆసుపత్రిలో ఉన్న సైనికుల్ని దేశాన్నేలే పెద్దాయన పలకరిస్తున్న వార్తలో అన్నయ్యని చూసి, వాడికి బుగ్గలొచ్చాయని మురిసిపోతూ ఫోన్ చేశావు కదా. ఆ వీడియో కట్ చేసింది నేనే. మా ఛానల్లో ఒక పద్ధతుంది. గాయపడ్డవాళ్లని ఛాతీ వరకే చూపించాలి. కెమెరా పొరపాటున కిందికి దిగితే ఆ ముక్క నేను తీసేయాలి. రోజూ చేసే పనే. ఆ రోజు తెర మీద మనవాడు. చిన్న దెబ్బ, త్వరలో మళ్లీ డ్యూటీ అని మనకి చెప్పాడు చూడు, వాడే. కెమెరా కిందికి దిగింది. మోకాళ్ల దగ్గర నుంచి దుప్పటి పరుపుకి అతుక్కుపోయి ఉంది.

అన్నయ్యకి రెండు కాళ్లూ లేవమ్మా.

మా డెస్కు పెద్దని మేం కత్తెర బాబాయ్ అంటాం. ఆయనకి చూపించి, మా అన్నయ్యండీ అన్నాను. "అయితే ఇంకా జాగ్రత్తగా కట్ చెయ్యి తల్లీ, మీ అమ్మగారు చూస్తారు" అన్నాడు. ఆయన మంచివాడే, అదే నా ఏడుపు. ఇక్కడ అందరూ మంచివాళ్లే. ఎవరి మనసూ నొప్పించకుండా యుద్ధం చూపిస్తారు.

ఆసుపత్రికి పరుగెత్తాను. నన్ను చూడగానే అన్నయ్య తిట్టాడు.

"అమ్మకి చెప్పావంటే నీతో మాట్లాడను. పెట్టుడు కాళ్లు వచ్చాక నడుచుకుంటూ వెళ్లి నేనే చెప్తా."

"ఎప్పుడొస్తాయి?"

"నీకు జీతం పెరిగినప్పుడు."

ఇప్పుడు కూడా వెటకారమే. వాడికి మాటిచ్చాను. ఇదిగో, తప్పుతున్నాను. ఆ వీడియోని నువ్వు వీధిలో అందరికీ చూపిస్తున్నావని విన్నాక నాకు అన్నం సయించడం లేదు.

నీ కూతురు

*

అమ్మా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నీ మీద కోపంగానే ఉన్నాను. నీకు ముందే తెలుసన్నమాట. "పెద్దవాళ్లొస్తే అన్నం ముందు నుంచి కూడా లేచే పిల్లాడు, అంత పెద్దాయనొస్తే కదల్లేదంటే నాకర్థం కాదా" అన్నావు. నేను బెంగపెట్టుకుంటానని బుగ్గల కథ చెప్పావట. వీధిలోవాళ్లు జాలి చూపించకూడదని వీడియో చూపించావట. కత్తెర బాబాయ్ నీ దగ్గర పని నేర్చుకోవాలి.

నిన్న అన్నయ్యని డిశ్చార్జి చేశారు. ఇలాంటివాళ్లని వంటగది వెనక గేటు నుంచి, కిటికీలకి తెరలేసిన వ్యానులో పంపిస్తారు. కాపలా ఆయనకి నువ్వు ఫోన్‌లో అన్న మాటే అప్పజెప్పాను: "పంపేటప్పుడు బ్యాండు వాయించి ముందు నుంచి పంపారు, వచ్చేటప్పుడు దొడ్డిదారెందుకు?" అన్నయ్య "గొడవెందుకే, వ్యానెక్కుదాం" అంటూనే ఉన్నాడు. చక్రాల కుర్చీ నెట్టేది నేను కాబట్టి ముందు గేటుకే తిప్పాను.

బస్టాపులో జనం చూసీ చూడనట్టు ఫోన్లలో తలలు దూర్చేశారు. నాకు ఒళ్లు మండింది. దాచేది మేమే అనుకున్నా ఇన్నాళ్లూ. ఎదురుగా తెచ్చి పెట్టినా వీళ్లు చూడరు. బస్సొచ్చింది. కుర్చీ పట్టదు, తర్వాతి బస్సు చూసుకోండి అన్నాడు డ్రైవరు. అందరూ ఎక్కేశారు.

ఒకావిడ ఎక్కలేదు. నీ వయసుంటుంది. అన్నయ్య దగ్గరికొచ్చి, "మావాడూ ఈ ఆసుపత్రిలోనే ఉన్నాడు బాబూ. బాగానే ఉన్నానంటాడు, రావద్దంటాడు. గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతున్నా. ఎందుకు రావద్దంటున్నాడంటావు?" అని అడిగింది.

వాడు ఆసుపత్రి గేటు వైపు చెయ్యి చూపించాడు.

"లోపలికెళ్లండమ్మా. ఫోన్ చేసి అడక్కండి. వెళ్లిపోండి అంతే."

ఆవిడ వెళ్లింది. అన్నయ్య నా వైపు తిరిగి, "ఆదివారం ఇంటికెళ్దాం. అమ్మకి ఫోన్ చెయ్యకు" అన్నాడు. నీకు తెలుసని వాడికింకా తెలీదు. ఫోనే కదా వద్దన్నాడు, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

వాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు, అప్పుడే తెలిసినట్టు నటించకు. ఇక చాలమ్మా.

నీ కూతురు