వాకిట్లోకి ఎవరొచ్చారు

చెల్లీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మరిది నందికొండ ఆనకట్ట పనిలోనే ఉన్నాడు. నీ బిడ్డ సుగుణ కోస్గిలో నా దగ్గరే ఉంది. బడిలో పద్యం అప్పజెప్పమంటే నోరు విప్పదట.

పద్యం చెబుతూ నువ్వు ఆఖరి మాట దానికి వదిలేసేదానివి కదా. ఈ పొద్దున జొన్నలు విసురుతూ నేనూ అట్లాగే సొంతంగా ఒకటి కట్టాను.

"వాన వెలిసె, వాగు తగ్గె, వాకిట్లకు వచ్చింది..."

అక్కడ ఆగాక నా చెయ్యి విసుర్రాయి మీదే నిలిచిపోయింది. "అమ్మ" అంటుందేమోనని భయపడ్డాను.

"గాడిద!" అంది సుగుణ.

"గాడిదొచ్చి ఏం జేసిందే?"

"నీ పక్కల గూసోని జొన్నలు బుక్కింది. ఇంకోటి చెప్పు, పెద్దమ్మా!"

పకపకా నవ్వింది. నువ్వు పోయాక అది నవ్వడం ఇదే మొదలు. నేనూ నవ్వాను. ఆ తర్వాత మేక వచ్చింది, తేలు వచ్చింది, పోలీసు పటేలు పెండ్లాం కూడా వచ్చింది. నువ్వు మాత్రం ఒక్కసారీ రాలేదు. మంచిదే అనుకున్నాను.

పిండి ఎత్తి రొట్టెలు చేశాను. సుగుణ అడిగి మరీ ఇంకో రొట్టె వేయించుకుంది. నాకే తినబుద్ధి కాలేదు.

మీ అక్క