సాక్ష్యం తర్వాత మింగని మాత్ర

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మన మైదుకూరు పాస్టరు గారు కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చారు. ఆయన కాలి బొటనవేలు నీకు వాచినట్లే వాచింది. జేబులోంచి తీసి చూపించిన మాత్ర కూడా నీదే. రెండు వారాలు వేసుకుని, నొప్పి ఇంకా ఎక్కువైందని నువ్వు దిబ్బలో పారేసిన మాత్ర.

"కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాండావు కదమ్మా, ఇది లోపల ఏం చేస్తాదో చెప్పు" అన్నారు.

చెప్పాను. తిండిలోంచి, కణాల్లోంచి వచ్చే ప్యూరిన్లను ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మార్చే ఎంజైము ఒకటి ఉంటుందని, ఈ మాత్రలోని చిన్న అణువు చూడ్డానికి ప్యూరిన్ లాగే ఉండి, ఎంజైములో ప్యూరిన్ చోట్లో దూరి దాని పని ఆపేస్తుందని. కీళ్లలో పేరుకున్న పాత యూరిక్ యాసిడ్ రవ్వలు కరిగేటప్పుడు మొదట్లో నొప్పి ఎక్కువవుతుందని, అయినా మానకూడదని.

నువ్వు మానేశావు. ఆ నొప్పి నాలుగు రోజులుండి దానంతటదే తగ్గే రకం. తగ్గింది. ప్రార్థనతో పోయిందని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పావు. వాపు మళ్లీ వచ్చినప్పుడు, "సాక్ష్యం చెప్పినాక ఆ మాత్ర మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్లు కాదామ్మీ?" అన్నావు. చాటుగా మాత్రం అంగట్లో నొప్పి బిళ్లలు తెచ్చుకుని మింగావు. ఆ బిళ్లలకే రెండు కిడ్నీలూ పోయాయి.

పాస్టరు గారు అంతా విని, మాత్ర జేబులో పెట్టుకుని, "ఇంత తెలిసిండీ మీ అన్నకు చెప్పలేదా తల్లీ?" అన్నారు.

నువ్వు సాక్ష్యం చెప్పిన రోజు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.