పసుపు కింద ఊరి పేరు

హోసూరు,
ఆదివారం.

అక్కకు నమస్కారం.

నేను ఈడ బాగుండాను. నువ్వు, బావ, పిల్లలు బాగుండారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో ఈసారన్నా రాయి. ఫోనులో చెప్తే సగం విని పెట్టేస్తావని ఉత్తరం రాస్తాండాను.

ఈడ చలి ఎక్కువ. వంట నేనే చేసుకుంటాను. సంగటి ఇంకా ఉండలు కడతా ఉంది. మొదట్లో మాదిరి ఒంటిగా అనిపించడం లేదు. దిగులు పడొద్దు.

నా పని ఏందని బావ అడిగినాడు కదా. పాత తాటాకులను, మాసిన కాగితాలను ఫోటోలు తీస్తాము. కంటికి కనపడని వెలుతురు వేసి తీసే కెమెరా ఉంది. దాంట్లో పసుపు, కుంకం మరకలు తేలిపోతాయి. మసితో దిద్దిన రాత నల్లగా నిలుస్తుంది.

పోయిన వారం రాయకోట నుంచి మునెమ్మ అనే అవ్వ తన కోడలిని, మూడేళ్ళ మనవరాలిని తోడుకొని వచ్చింది. పాప జుట్టు వీపంతా పరుచుకొని ఉంది. వాళ్ళింట్లో పుట్టెంట్రుకలు ఇంటి దేవత ముందరే తీయాల. ఆ దేవత ఏ ఊర్లో ఉందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. తాతల నాటి తాటాకులో రాసుందంట. ఆకు చూస్తే ఒక్క అక్షరం కనపడలేదు. ఏటేటా ఆయుధపూజకు పసుపు పూసి పూసి గోడ మాదిరి చేసినారు.

"తుడిచి చూద్దామా అవ్వా?" అన్నాను.

"మా అత్త పూసిన పసుపప్పా అది. చెయ్యి పెట్టు, చెప్తాను!"

"పూజ చేసీ చేసీ దేవత అడ్రస్సే పూడ్చేసినారు అత్తా," అని కోడలు నవ్వింది.

"పోయినేడు రెండు చేతులా పూసింది ఎవరమ్మా? నువ్వు కాదా?"

తుడిచే పని లేదని చెప్పి ఆకును కెమెరా కింద పెట్టినాను. స్క్రీను మీద పసుపు తెల్లగా తేలిపోయింది. అక్షరాలు చీమల బారు మాదిరి బయటపడినాయి. మా సారు కూడబలుక్కొని చదివినాడు: "మద్దిపల్లి వంక గట్టున ఏడు రాళ్ళ ఎల్లమ్మ."

నేను కుర్చీలోంచి లేచి నిలబడినాను.

"ఆ మద్దిపల్లి యాడుందప్పా?" అని అవ్వ సారును అడిగింది.

"మా ఊరే అవ్వా," అన్నాను.

అవ్వ నన్ను కిందా మీదా చూసింది. "ఎల్లమ్మ ఉందా ఇంకా?"

"ఉంది. పోయిన నెలే మా అక్క రాళ్ళకు సున్నం కొట్టింది."

"అయితే నువ్వు మావోడివే," అని నా గడ్డం పట్టుకొనింది. పాప మాత్రం జుట్టు నోట్లో పెట్టుకొని నములుతా ఉంది.

వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తారు. పదిహేను మంది. గట్టు మీద కంప కొట్టించమని బావకు చెప్పు. పాప పుట్టెంట్రుకలు తీయడానికి మంగలి వెంకటప్ప మామను కత్తి నూరుకొని పొద్దున్నే రమ్మను. పొంగలికి మన పెద్ద గిన్నె ఇయ్యి. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద మనం చింతపిక్కలు కొట్టిన సంగతి అవ్వకు చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

దోవ చూపించడానికి మనిషి కావాలని అవ్వ అడిగితే, నాలుగు నెలలుగా సెలవియ్యని సారు నవ్వి నన్ను పొమ్మన్నాడు. వాళ్ళ వ్యానులోనే వస్తాను. ఆ పొద్దు సంగటి నువ్వే కెలుకు.

పెద్దమ్మకు, పెద్దనాయనకు నా నమస్కారాలు. వాళ్ళ దీవెన ఉత్తరంలో అడగను. ఎదురుగా వచ్చి కాళ్ళకు మొక్కి తీసుకుంటాను.

నీ తమ్ముడు,
రెడ్డెప్ప