నాన్నా, ఎవరావిడ?

నాన్నకు నమస్కరించి నీ కూతురు రాసేది,

ఫోనులో అడగడానికి నోరు రాక రాస్తున్నాను. నీకు ఉత్తరాలు చదివిపెట్టే గుమాస్తాగారు పెద్దమనిషి, బయటికి పొక్కనివ్వరు. తల దువ్వుకుని, కొత్త బూట్లేసుకుని ఎక్కడికో వెళ్తున్నావనీ, ఒక టీచరమ్మ నీ చెయ్యి పట్టుకుని ఏదో వరండాలో నడిపిస్తోందని ఎవరో చూసి చెప్పారనీ అత్తయ్య అంది. మెట్లెక్కుతూ మూతి సున్నాలా చుట్టి ఈల కూడా వేస్తున్నావట! పిండిమరలో ఒళ్లు తెల్లగా చేసుకుని నన్ను చదివించినవాడివి. ఎవరావిడ?

నీ అమ్మడు

తా.క. జుట్టుకి రంగు కూడా వేశావా? అత్తయ్య గట్టిగా చెప్పలేకపోతోంది.

*

అమ్మడికి నాన్న దీవెనలు,

కూతురికి చెప్పుకునే సంగతి కాదు తల్లీ, సిగ్గేస్తుంది. ఆవిడ మంచిది. అక్కడికి వెళ్లడం మాన్పించకు. మానితే మంచం పడతాను. అయినా నువ్వు వద్దంటే నీ మాట దాటను.

నాన్న

తా.క. రంగు వెయ్యలేదు. అత్తయ్యని కళ్లద్దాలు తుడుచుకోమను.

*

నాన్నకు,

ఆవిడ కోసం మంచం పడతావా? ఈ వయసులోనా? బడిలో పిల్లలకి బుద్ధులు చెప్పేదాన్ని, రేపు ఎవరి మొహం చూడను? ఆ మాయలాడి నిన్ను బుట్టలో వేసుకుంది. ఇక గడప దాటకు.

అమ్మడు

తా.క. గుమాస్తాగారూ, ఈ ముక్క కాస్త గట్టిగా చదవండి.

*

అమ్మడు గారికి మాయలాడి నమస్కారాలు,

గుమాస్తాగారికి చూపు మందగించింది. మీ ఉత్తరాలు చదివేదీ, నాన్నగారివి రాసేదీ నేనే. ఊపిరితిత్తులు పాడైనవాళ్లకి ఆసుపత్రిలో వ్యాయామం నేర్పుతాను. ఏళ్లతరబడి పీల్చిన పిండి ఆయన ఛాతీని దెబ్బతీసింది. ఆయన వేసేది ఈల కాదు, పెదాలు చుట్టి మెల్లగా గాలి వదలడం. తెలిస్తే మీరు ఉద్యోగం వదిలి వచ్చేస్తారని దాచారు. మీరు వద్దన్నాక రావడం మానేశారు. నిన్న ఇంటికి వెళ్లి చూస్తే, చొక్కా తొడుక్కోవడానికే ఆయాసపడుతున్నారు. మీరు చెబితేనే వస్తారట.

ఇట్లు, వ్యాయామం టీచరు

తా.క. 'మాయలాడి' అన్నచోట 'టీచరుగారు' అని చదివాను. గట్టిగా చదవమన్నారు గానీ మెల్లగానే చదివాను.

*

టీచరుగారికి,

తలెక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. క్షమించండి. నన్ను చదివించిన పిండే ఆయన ఊపిరి తింటోందని ఇంత చదివీ గ్రహించలేకపోయాను. ఇది ఆయనకి వినిపించండి: "నాన్నా, రేపే వెళ్లు. ఉద్యోగం వదలను, ఒట్టు. సెలవుల్లో వచ్చి నీ పక్కన నేనూ మూతి చుడతాను."

మీ ఎదుట నిలబడే మొహం లేని,
అమ్మడు

తా.క. అత్తయ్యకి నిజం చెప్పాను. తనూ అదే మరలో పిండి జల్లించిన మనిషి. తనకీ మెట్లెక్కితే ఆయాసమట, సిగ్గుపడి ఇన్నాళ్లూ దాచిందట. మీ క్లాసులో చోటుందా? వాళ్ల అన్నయ్య, అదే మా నాన్న, వచ్చే రోజులు మాత్రం వద్దట. ఇద్దరూ ఎక్కడికి వెళ్తున్నారని ఆరా తీస్తారట, ఆ వీధిలో కథలల్లేవాళ్లు ఎక్కువట.